లేచిన జానయ్య గొంతు

సభాధ్యక్షులు, విశ్రాంత ప్రధానోపాధ్యాయులు లక్ష్మీనర్సయ్య గారికి, నలభై ఆరేళ్ల కింద నాకు రాజు వేషం ఇస్తానని మాటిచ్చి తప్పినందుకు కూడా కలిపి, నమస్కారం. హైదరాబాదు నుంచి ముఖ్య అతిథిగా వచ్చిన మురళీమోహన్ గారికి, పెద్దలకు, దేవరకొండ గ్రంథాలయ పాఠకులకు, పాఠకులు కాకపోయినా ఉప్మా ఉందని తెలిసి వచ్చినవాళ్లకు కూడా నమస్కారం. (నవ్వులు)

శాలువా బాగుంది. సన్మానమని పిలిచారు గానీ ఇది వీడ్కోలని నాకు తెలుసు. శాలువా కప్పాక నా సంతకం ఒకటి కావాలి. ఆ కాగితం అధ్యక్షుల వారి ముందు, ఎగిరిపోకుండా పూలగుత్తి కింద పెట్టి ఉంది. దాని సంగతి తర్వాత.

విషయం తెలియనివాళ్ల కోసం చెబుతాను. మన ఊరి పిల్ల మల్లిక ఇద్దరు స్నేహితులతో కలిసి ఫోనులో ఆడే ఆట ఒకటి తయారు చేసింది. మిగతా ఆటల్లో జాంబీలను, అంటే చచ్చి లేచినవాళ్లను, కాల్చి చంపుతారు. ఇందులో ఆడేవాడే జాంబీ. వాడి పేరు జానయ్య, గొర్ల కాపరి. కాలం చేసిన మల్లిక తాత పేరే అది. చచ్చిన మూడో నాడు, గొర్లను దొడ్డికి తోలలేదని గుర్తొచ్చి లేస్తాడు. నేను ఈ గ్రంథాలయంలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను, ఇక్కడున్నవన్నీ చదివాను. పుస్తకాల్లో చచ్చినవాళ్లు పగ కోసం లేచారు, ప్రేమ కోసం లేచారు, ఆస్తి కోసం కూడా లేచారు. పని మిగిలిపోయిందని లేచినవాణ్ణి జానయ్య ఒక్కణ్ణే చూశాను.

జానయ్య మనుషుల్ని కరవాలి. కరిస్తే వాళ్లు గొర్రెల్లా వెనక నడుస్తారు. చిక్కేమిటంటే మన ఊళ్లో ఎవరూ వాడికి భయపడరు. బస్సు కండక్టరు టికెట్ అడుగుతాడు. ఆఫీసు గుమస్తా చచ్చినట్టు ధ్రువీకరణ కాగితం తెమ్మంటాడు. హోటలు కృష్ణమ్మ, "కొరుకుతె కొరుకు గని ముందుగాల చాయ్ తాగు, పెదవులన్ని ఎండిపోయినయ్" అంటుంది. జానయ్య చేతులు చాచి, "జర ఆగున్రి, కొరికి పోత" అని బతిమాలతాడు.

ఆ గొంతు నాది.

ఉద్యోగం అయిపోయినా పొద్దున్నే వచ్చి ఇక్కడే కూర్చుంటాను. ఒకనాడు పుస్తకంలో పేజీ మడిచిన పెద్దమనిషిని తిడుతుంటే మల్లిక ఫోను పట్టుకుని పరుగున వచ్చి, "తాతా, గా తిట్టు మళ్లోపారి తిట్టు" అంది. అట్లా మొదలైంది. పాత పుస్తకాల గదిలో, బీరువాల మధ్య నిలబడి జానయ్య మాటలన్నీ రికార్డు చేశాం. పుస్తకాలుంటే గొంతు గోడలకు తగిలి తిరిగి రాదట. ఈ మధ్య ఆ పుస్తకాలకు దొరికిన పని అదొక్కటే. (నవ్వులు) నవ్వకండి, మిమ్మల్నే అంటున్నాను.

మురళీమోహన్ గారి కంపెనీ ఆ ఆటను దేశమంతటికీ తీసుకుపోతుందట. వాళ్లకు ఆట నచ్చింది, జానయ్య నచ్చాడు, గొంతు నచ్చలేదు. అందరికీ అర్థమయ్యే శుద్ధమైన తెలుగులో వేరే నటుడు చెబుతాడు. అయితే ఆ నటుడికి మూలుగు ఎక్కడ ఎత్తుకోవాలో, గొర్లను ఎట్లా పిలవాలో తెలియదు. నా రికార్డులన్నీ ఇచ్చి, పక్కన కూర్చుని నేనే నేర్పాలి. పూలగుత్తి కింది కాగితంలో రాసింది ఇదే.

మురళీమోహన్ గారూ, ఈ ప్రసంగాన్ని పుస్తకాల భాషలోనే రాసుకొచ్చాను. అది నాకు రాదని మీకెవరైనా చెప్పి ఉంటారేమోనని. నాకు రెండూ వచ్చు. జానయ్యకు ఒకటే వచ్చు. చచ్చి లేచేవాడు వ్యాకరణం దిద్దుకుని లేవడు. (చప్పట్లు)

ఇక రాజు వేషం. పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిది. ఇదే హాలు, అప్పుడు పైన రేకులు. నాటకం ఆడించేది లక్ష్మీనర్సయ్య. అప్పట్లో ఒకరినొకరం నువ్వనే పిలుచుకునేవాళ్లం కాబట్టి ఏకవచనాన్ని మన్నించాలి. రాజు వేషం నాదేనన్నాడు. రెండు నెలలు మగ్గం మీద కూర్చునే పద్యాలన్నీ కంఠతా పట్టాను. చీరలో పోగులు తప్పుతున్నాయని మా నాయిన తిట్టాడు. ప్రదర్శన మూడు రోజులుందనగా లక్ష్మీనర్సయ్య వచ్చి, "నీ పద్యం ఇంటుంటె గొర్లను అదిలించినట్టుంది గుర్వయ్యా. జనం నవ్వుతరు. నువ్వు శవం ఎయ్యి" అన్నాడు. రాజు వేషం తనే కట్టాడు.

అధ్యక్షుల వారికి ఎవరైనా మంచినీళ్లు ఇవ్వండి.

యుద్ధంలో చచ్చిన తమ్ముడి మీద పడి రాజు పదకొండు పద్యాలు పాడాలి. ఆ తమ్ముణ్ణి నేను. మూడో పద్యం దగ్గర రాజు ఆగిపోయాడు. ముందు వరుసలో తహసీల్దారు. రాజు చెమట నా ముఖం మీద పడుతోంది. ఏడుస్తున్నట్టు వంగి నా చెవిలో, "అందియ్యి రా, నీ కాల్మొక్త" అన్నాడు. కళ్లు తెరవకుండా, పెదవులు కదలకుండా మిగిలిన తొమ్మిది పద్యాలూ అందించాను. జనం ఏడ్చారు. షీల్డు రాజుకిచ్చారు. అదిగో, ఆ బీరువా మీద ఉంది. పద్యాలు చెప్పింది శవమని ఆయన ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు, ఈ క్షణం దాకా.



నేను సంతకం పెట్టకపోతే కంపెనీ ఆటను తీసుకోదు. మూడేళ్ల కష్టం ఆ పిల్లది, నా పంతం కోసం పాడు చేసే హక్కు నాకు లేదు. అందుకే నిన్న మల్లిక ఇంటికి వస్తే పెట్టమంటావా అని అడిగాను. "మా తాత మాట్లాడినట్టు ఉండాల్నని చేసిన తాతా. ఇంకోలు మాట్లాడితె ఆయన మల్ల సచ్చినట్టె" అంది. ఆ మూడో వరుసలో తల వంచుకుని కూర్చుంది చూడండి. తల ఎత్తు బిడ్డా.

మల్లికకు, మైకు పెట్టినవాళ్లకు, కుర్చీలు మోసినవాళ్లకు ధన్యవాదాలు. శాలువా ఇంటికి తీసుకుపోతాను, చలికాలం వస్తోంది. కాగితం పూలగుత్తి కిందనే ఉంటుంది. లక్ష్మీనర్సయ్య గారి మీద కోపం పోలేదు, ఇక పోయే వయసూ కాదు. కానీ ఆయన కంటే పెద్ద తప్పు చేసినవాడు ఆ రోజు అదే వేదిక మీద పడుకుని ఉన్నాడు. వాడు ఊరికే నోరు మూసుకుని ఉంటే చాలు, ఎవరికి పద్యం వచ్చో, ఎవరికి రాదో ఊరంతా చూసేది. అడగ్గానే తన గొంతు తీసి ఇంకొకడి నోట్లో పెట్టాడు. చచ్చినవాడికి అంత మర్యాద దేనికి? వాణ్ణి నేను ఇప్పటికీ క్షమించలేదు. ఈసారి మాత్రం వాడు అందించడు.

వాడి పేరు గుర్వయ్య. సెలవు.