చీపురు మాస్టారి శుక్రవారాలు

పంతొమ్మిది వందల తొంభై మూడు, జూన్ ఏడవ తేదీ, సోమవారం ఉదయం నేడు పదవీ విరమణ చేస్తున్న మన మాస్టారు ఈ నీటి సరఫరా కార్యాలయంలో అడుగుపెట్టిన నాడు, వారికి అప్పగించినవి ఒక కంప్యూటరు, ఒక కాలు కుంటి కుర్చీ. కుర్చీ మారింది గానీ, అందులో స్థిమితంగా కూర్చోలేని వారి స్వభావం మాత్రం మారలేదు.

కాలక్రమంలో మన పైపులైన్ల పటాలన్నీ సర్వరులోకి చేరాయి. వాటి వెంటే ఎవరికీ అక్కరలేని నకళ్లూ గుట్టలుగా చేరి, ఒకనాడు చోటు చాలక సర్వరు మొరాయించింది. మూడు నెలలుగా ఎవరూ ముట్టని ఫైళ్లను వారం వారం దానంతటదే వెతికి తొలగించే ప్రోగ్రాము రచించి, ఆ గండం గట్టెక్కించినవారు వీరే. "చీపురు మాస్టారు" అన్న బిరుదు అప్పుడే స్థిరపడింది. ఇంట్లో మాత్రం విరిగిన గొడుగునైనా పారేయనివ్వరని వారి శ్రీమతి గారి ఫిర్యాదు!

ఆ చీపురే ఒకసారి పుట్టి ముంచింది. పాత డిస్కు నుంచి అప్పుడే ఎక్కించిన పటాల మీద పాత తేదీలే ఉండడంతో, వాటినీ చెత్తగా ఎంచి ఊడ్చేసింది. మర్నాడు నడివీధిలో పైపు పగిలితే, ఏ వాల్వు మూయాలో తెలియక మన సిబ్బంది మోకాలి లోతు నీళ్లలో నిలబడిపోయారు. భద్రపరచిన నకలు నుంచి మధ్యాహ్నానికి పటాలు తిరిగి వచ్చాయి గానీ, మాస్టారి మనశ్శాంతి తిరిగి రాలేదు. నాటి నుంచి ప్రతి శుక్రవారం జాబితా అంతా స్వయంగా చదివి, పచార్లు చేసి, మళ్లీ చదివి, అప్పుడు గానీ మీట నొక్కేవారు కారు. దాని మానాన దాన్ని నడవనివ్వండి సార్ అంటే ఒప్పుకుంటేనా!

వారి స్థానంలోకి వస్తున్న ఇంజనీరమ్మ ఇటీవల ఆ ప్రోగ్రామును సవరించారు. ఇప్పుడది ఫైలు సర్వరుకు చేరిన తేదీ కూడా చూస్తుంది; తీసినవాటిని నెలపాటు పక్కన దాచి, ఆ తర్వాతే చెరిపేస్తుంది. గత శుక్రవారం అది మనిషి చెయ్యి పడకుండా నడిచింది. మాస్టారు ఇంటి నుంచి ఫోనులో లాగిన్ అయి చూస్తూనే ఉన్నారు.

"ఇక ఆ ఫోనుతోనే కాపురం చేయండి, భోజనం చల్లారిపోతోంది," అని శ్రీమతి గారు విసుక్కున్నారట. ఒక్క ఫైలూ పొరపాటున పోలేదు. అయినా వారికి కునుకు పట్టలేదు.

నిన్న మాస్టారు ఇంజనీరమ్మ బల్ల దగ్గరికి వచ్చి, "అమ్మా, నా లాగిన్ తీసెయ్. ఉందంటే చూడకుండా ఉండలేను," అన్నారు.

"ఇంకో నెల ఉంచనా సార్? కొంపేమీ మునిగిపోదు."

"వద్దమ్మా. అక్కరలేనివి ఉంచుకోకూడదని ఇన్నేళ్లూ మీ అందరి ప్రాణాలు తోడింది నేనే కదా!"

ఆమె తీసేశారు. మాస్టారు తమ కంప్యూటరు ముందు కూర్చుని లాగిన్ కాబోయారు, కుదరలేదు. నమ్మకం చాలక మరోసారి ప్రయత్నించారు.

"ఆఁ, బాగానే పోయింది," అంటూ లేచారు. వారి కళ్లు చెమర్చాయి, మావీ చెమర్చాయి.

రేపు శుక్రవారం. చీపురు తన పని తాను చేసుకుంటుంది. మాస్టారు వేళకు వేడివేడిగా భోంచేసి, కంటినిండా నిద్రపోవాలనీ, సతీసమేతంగా ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలనీ మనసారా కోరుకుంటూ, ఒక్క మనవి: మాకు అక్కర తీరినది వారి లాగిన్‌తోనే గానీ, వారితో కాదు.