ఒకసారి చూసొచ్చిన చోటు

బాన్సువాడ బస్టాండు ముందు చెరుకురసం తాగుతూ ఫోన్‌లో వార్త చూస్తున్న మొగుణ్ని పెళ్లాం అడిగింది.

“చంద్రుని మీదికి ఒకసారి పోయొచ్చిండ్రు గద. మళ్ల గంత ఖర్చు, పానం మీదికి తెచ్చుకునుడు ఎందుకు?”

“గప్పుడు ఊకె చూసొచ్చిండ్రు. ఇగ అక్కడ ఇల్లు కట్టుకొని ఉంటరట. ఖర్చయినా పోవాలె.”

“నన్ను చేసుకోకముందు నువ్వు గూడ నస్రుల్లాబాద్‌ల పిల్లను చూసొచ్చినవు.”

“సంబంధం కుదరలే. ఆమె మొగడు ఇల్లుటం వచ్చి అత్తగారింట్లనే ఉంటుండు, ఇద్దరు పిల్లలు గూడ.”

“గివన్ని నీకెట్ల ఎరుక?”

“వరినారుకు పోతే కనవడుతది.”

“బాన్సువాడల నారు దొరకదా?”

“వాళ్ల నారు మంచిగుంటది. నిన్ను బస్సెక్కించి అటే పోత.”

“బస్సు లేదు, గిస్సు లేదు. బండి తియ్యి, నేను గూడ వస్త. చంద్రుని మీదికైనా మనిషిని ఒక్కన్ని పంపుతలేరు.”