వ్యాన్ ఆగే చోటు

కంపాలాలో తన పెళ్ళికి మసాకా నుంచి వచ్చే చుట్టాలకి ఏమేం చూపించాలో చిట్టా రాస్తోంది నబుకీర. పక్కనే మేనత్త కూర్చుంది.

“సరస్సు, రాజుల సమాధులు, బజారు. అమ్మకి మాత్రం మేం కాపురం పెట్టబోయే ఇల్లు చూడాలనుందత్తా.”

“అల్లుడింటి గడప అత్తగారు తొక్కడం మనలో ఉందిటే? చదువుకున్నావు గానీ!”

“అమ్మ చూపు క్రిస్మస్ దాకా ఉండదన్నాడు డాక్టరు.”

మేనత్త చిట్టా తన ముందుకి లాక్కుంది.

“బజారుకి మీ వీధిలోంచే పోదాం. మీ గేటు ముందు చుట్టాల వ్యాన్ టైరు పంక్చరవుతుంది.”

“టైరు బాగానే ఉందిగా?”

“నేనెక్కాక ఉంటుందా?”

నబుకీరకి నవ్వు రాలేదు. “అమ్మ దిగకూడదు కదా.”

“దిగదు. కిటికీలోంచి చూస్తుంది. గోడలకి ఏం రంగేయించారు?”

“లేత పసుపు.”

“పెళ్ళిలోపు ముదురు ఎరుపు వేయించు. లేత రంగులు మీ అమ్మకి ఇప్పటికే కనబడటంలేదు. నీకు చెప్పొద్దంది.”