ఓడలో వియ్యాలవారి బంతి

అమ్మిరాజు ఉన్నాడు చూడండి, ఎరువుల కొట్టు అమ్మిరాజు, ఆయనకి వియ్యంకుడంటే చలిజ్వరం. ఆ వియ్యంకుడి పేరు సూరప్పయ్య. మనిషి మంచోడే, చెడ్డోడని నేనన్నానా? కాకపోతే మర్యాద దగ్గిర మాత్రం గురిగింజెత్తు తగ్గినా ఊరుకునే రకం కాదు. ఏమైందంటే, అమ్మిరాజు కూతురు భవానిని ఈ సూరప్పయ్య కొడుక్కిచ్చి చేసేరు. ఆ పెళ్ళికి జనం విరగబడి వచ్చేరంట. ఆ హడావుడిలో వియ్యాలవారికి వేరే బంతి వెయ్యడం మర్చిపోయేరు. సూరప్పయ్యా, ఆయన పెళ్ళాం నాగరత్నమూ పోయి పోయి రెండో బంతిలో, ఊరోళ్ళ మధ్యన కూర్చోవలసొచ్చింది. అప్పటికి పప్పు చల్లారిపోయింది, గారెలు అయిపోయినాయి. ఆయన ఒక్క మాటనలేదంట. చెయ్యి కడుక్కున్నాడు, కండువా దులుపుకున్నాడు, వెళ్ళిపోయేడు. నాలుగు తిట్లు తిట్టి పోయినోడితో భయం లేదమ్మా, ఏమీ అనకుండా పోయినోడితోనే భయం. ఆ రోజు మొదలు ఆయన అమ్మిరాజు గుమ్మం తొక్కలేదు.

ఇలా ఉండగా భవాని నీళ్ళోసుకుంది. చూస్తండగానే ఏడో నెలొచ్చేసింది. తొలికాన్పు పుట్టింట్లోనే కదా మనకి? తీసుకెళ్తే ఏడో నెల్లోనే తీసుకెళ్ళిపోవాలి, ఎనిమిదో నెల పడిందంటే కడుపుతో ఉన్నదాన్ని గడప దాటించరు. ఆ ఏడో నెల్లో ఇంకో వారమే మిగిలుందనుకో. అత్తారింటోళ్ళు పంపుతామనీ అనలేదు, పంపమనీ అనలేదు. భవాని ఫోన్ చేసి, అమ్మా, ఈళ్ళెవరూ ఏమీ మాట్లాడట్లేదే, నన్నిక్కడే ఉంచేస్తారేమో, నాకు భయమేస్తందే అని ఏడ్చిందంట. తల్లి పాపాయమ్మకి ఇంక అన్నం సయిస్తదా? ఎల్లి అడగవయ్యా, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ మాటేదో అడిగేయవయ్యా అని మొగుణ్ణి పోరింది. అమ్మిరాజేమో, ఏ మొహం పెట్టుకుని అడగమంటావే, రెండో బంతిలో కూర్చోబెట్టిన మొహం ఇది, ముందు ఆయన కడుపు చల్లబడాలి, అప్పుడడుగుతాను అన్నాడంట. అడిగితే పోయేదానికి ఎంత చుట్టుతిరుగుడో చూడండి. మగాళ్ళింతే.

సరిగ్గా అప్పుడే ఏమైందంటే, ఎరువుల కంపెనీవోళ్ళు, బస్తాలు బాగా అమ్మేడని అమ్మిరాజుకి ఓడ షికారిచ్చేరు. నలుగురికి. విశాఖపట్నంలో ఎక్కిస్తారంట, మూడ్రోజులు సముద్రం మీద తిప్పి మళ్ళీ అక్కడే దించేస్తారంట. అమ్మిరాజు ఆ కాగితం కళ్ళకద్దుకుని, ఇదేనే దారి, వియ్యాలవారిని తీసుకెళ్దాం, పెళ్ళిలో తక్కువైన మర్యాదంతా ఓడలో తీర్చేద్దాం అన్నాడు. సూరప్పయ్య రాడనుకున్నారు. వచ్చేడు. భవాని దగ్గిర మొగుణ్ణీ ఆడపడుచునీ ఉంచి మొగుడూ పెళ్ళాలిద్దరూ వచ్చేరు. వచ్చేరు గాని, ముళ్ళ మీద కూచున్నట్టే కూచున్నారంట కారులో. పిల్ల ఎలాగుందండీ అని పాపాయమ్మ అడిగితే, బాగానే ఉంది అని ఒక్క ముక్క. అక్కడితో ఆఖరు.

ఓడంటే మనల్ని రేవు దాటించే పంటు అనుకునేరు, ఊరండీ అది, నీళ్ళ మీద లేచిన ఊరు. ఎక్కగానే కంపెనీ కుర్రాడొకడు వచ్చి, తిండి టిక్కెట్టులోనే కలిసుందండి, ఎంత తిన్నా ఎవరూ ఏమనరు అని కింద హాలు చూపించేడు. అమ్మిరాజు తొంగి చూసేడు. ఏముంది? జనం జనం. ఎవడి కంచం ఆడే పట్టుకుని వరసలో నిలబడి ఆడే వడ్డించుకుంటన్నాడు. అమ్మిరాజు చప్పున వెనక్కి తగ్గేడు. ఊరి బంతి! పెళ్ళిలో పోయిన పరువు చాలదని ఇక్కడ మా బావగారి చేతికి కంచమిచ్చి వరసలో నిలబెట్టనా అని, బాబూ, పెద్దోళ్ళకి వేరే ఏమైనా ఉందా అనడిగేడంట. ఆ కుర్రాడు, పైన ప్రత్యేకం హోటళ్ళున్నాయండి, టిక్కెట్టులో కలవవు, మనిషికింతని వేరే కట్టాలి అన్నాడు. చూసేరా, డబ్బు వేరే అనగానే అమ్మిరాజుకి ప్రాణం లేచొచ్చింది. వేరే కట్టాలంటే అదేనయ్యా వియ్యాలవారి బంతి! రెండ్రోజుల భోజనాలకీ ముందే కట్టేసేడు. ఇద్దరికే కట్టేడు. మరి పిల్లనిచ్చినోళ్ళు వియ్యాలవారితో కలిసి కూర్చుంటారా ఎక్కడైనా?

మొదటి రాత్రి నలుగురూ పైకెళ్ళేరు. తెల్ల దుప్పట్లేసిన బల్లలు, మసక దీపాలు, ఎవరూ గట్టిగా మాట్లాడరు. సూరప్పయ్యా నాగరత్నమూ కూర్చున్నారు. ఈళ్ళిద్దరూ ఆళ్ళ కుర్చీల వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డారు. చుట్టుపక్కలోళ్ళు తినడం మానేసి ఈళ్ళనే చూస్తన్నారంట. హోటలోళ్ళు పరిగెత్తుకొచ్చి కుర్చీలు లాగి, కూర్చోండి కూర్చోండి అంటే అమ్మిరాజు, అమ్మమ్మా, మేం కూర్చోకూడదు అని దణ్ణాలు పెడతన్నాడు. సరే, వడ్డన మొదలైంది. ఒకాయన వెచ్చటి రొట్టెల బుట్ట తెచ్చేడు. సూరప్పయ్య మర్యాదస్తుడు కదా, చెయ్యి అడ్డం పెట్టి, వద్దొద్దు అన్నాడు. మనలో వద్దంటే ఏంటి? వెయ్యమని. వద్దంటేనే కదా గారె విస్తట్లో పడేది, బూరి మీద నెయ్యి పడేది! ఆ హోటలాయన ఏం చేసేడంటే, వంగి ఒక నవ్వు నవ్వి, బుట్టతో సహా వెళ్ళిపోయేడు. సూరప్పయ్య ఆ బుట్టకేసి చూస్తా ఉండిపోయేడు. తరవాత చారేదో వచ్చింది, వద్దన్నాడు, పోయింది. తరవాత ఇంత పెద్ద పళ్ళెంలో అరచేతిలో సగమంత చేపముక్క వచ్చింది. అది చూసి నాగరత్నం కూడా, నాకొద్దు బాబూ, ఆయనకెయ్యి అంది. ఆయనేమో, అబ్బే నాకెందుకు అన్నాడు. అది కూడా పోయింది. ఎనక నిలబడ్డ అమ్మిరాజు, వెయ్యండయ్యా, వెయ్యండి, ఆయన అలాగే అంటారు, మీరు వెయ్యాలి అని తెలుగులో మొత్తుకుంటాడు గాని ఎవడికర్థమవుద్ది? ఆఖరికి సూరప్పయ్య మంచినీళ్ళు తాగి, బాగుంది బావగారూ అని లేచేడు. అదే కండువా దులపడం. అదే నడక. పాపాయమ్మ గదిలోకొచ్చి, ఆళ్ళు తినందే మనం హాలుకెళ్ళి తింటామా అని ఇంటినుంచి తెచ్చుకున్న అటుకులు మొగుడి ముందు పెట్టి, పిల్ల మాటడిగేవా అంది. ఇలాంటప్పుడు ఎలాగడగనే అన్నాడు. ఫోను చూస్తే సముద్రం మధ్యలో సిగ్నల్ లేదు. అక్కడ పిల్ల ఎలాగుందో, ఏమనుకుంటందో, ఆ తల్లి ఫోను చేతిలో పట్టుకుని కూర్చుంది.

రెండో రోజు ఇంకో హోటలు. అక్కడ మనిషెదురుగానే పెనం పెట్టి వండుతారంట. వండేవోడు గుడ్డు పైకెగరేసి అట్లకాడతో పట్టేడు, పెనం మీద ఏదో పోసేడు, మంట ఇంత ఎత్తున లేచింది. నాగరత్నం కెవ్వుమని కుర్చీతో సహా వెనక్కొచ్చి పాపాయమ్మ కాలు తొక్కేసింది. సూరప్పయ్య మంటకి బెదిరి రెండు చేతులూ అడ్డం పెట్టేడు. వద్దంటన్నాడనుకుని వండేవోడు అంతా పక్క బల్లోళ్ళకి వేసేసేడు. నవ్వకండే, ఆ నిలబడ్డోళ్ళ సంగతి ఆలోచించండి. రేపు దిగిపోతారు. దిగిన రెండ్రోజులకి ఏడో నెలయిపోద్ది. అడగవయ్యా అని పాపాయమ్మ వెనకనుంచి మొగుడి వీపు మీద పొడుస్తంది. సూరప్పయ్య, బాగుంది బావగారూ అని లేచేడు.

మూడోనాడు పొద్దున్నే పాపాయమ్మకి కళ్ళు తిరిగినాయి. రెండ్రోజులు అటుకులు తిన్న ఒళ్ళు కదా. అమ్మిరాజు కంగారుపడి, పోన్లే, ఆళ్ళింకా లేచుండరు, కింద హాల్లో ఏదో ఒకటి తిని వచ్చేద్దాం పద అని చెయ్యి పట్టుకుని దింపేడు. కంచాలు తీసుకుని వరసలో నిలబడ్డారు. ముందున్నాయన కంచంలో ఆరు ఇడ్లీలు, ఒక దోసె, పక్కన ఉప్మా. దోసెలేసేవోడు ఆయన్ని చూసి, పాత చుట్టాన్ని చూసినట్టు నవ్వి, అడక్కుండానే ఇంకో దోసె ఏసేడంట. ఆయన ఇటు తిరిగేడు. ఎవరు? సూరప్పయ్య! ఆ వెనక బల్ల దగ్గిర నాగరత్నం, ముందు పెరుగన్నం. పూట పూటా పైన వద్దని, దొంగచాటుగా కిందకొచ్చి తినెళ్తన్నారన్నమాట ఇద్దరూ. కంచం పట్టుకుని వరసలో నిలబడ్డ వియ్యంకుడు, ఆయన్ని చూసేసిన పిల్లతండ్రి. సూరప్పయ్య మొహం కందగడ్డైపోయింది. అమ్మిరాజేమో, అయిపోయింది, ఈ సిగ్గు నా వల్లే కలిగిందని ఇంక పిల్లని జన్మలో పంపడు అనుకున్నాడు. వెనకున్నోళ్ళు జరగండి జరగండి అంటన్నారు.

పాపాయమ్మ ఏం చేసిందంటే, తిన్నగా వెళ్ళి నాగరత్నం పక్కన కూలబడి ఖాళీ కంచం ముందుకు తోసింది. వదినగారూ, రెండ్రోజులనుంచీ అటుకులే తింటన్నానండీ, మీ చేత్తో ఒక ఇడ్లీ పెట్టండి అంది. పిల్లనిచ్చిన మనిషి అలాగడిగితే ఆవిడ ఏం చేస్తది? పెట్టింది. సాంబారు పోసింది. ఇంకోటి పెట్టింది. పెడతా పెడతా ఆవిడ కళ్ళమ్మట నీళ్ళు. ఎందుకండీ వదినగారూ మాకీ మర్యాదలు, రెండ్రోజులు మా వెనకాల నిలబడ్డారు గాని పిల్ల మాట ఒక్కసారెత్తేరా మీరు? పుట్టింటోళ్ళు అడక్కుండా కడుపుతో ఉన్న కోడల్ని మేమే తోలేస్తే లోకం ఏమంటాది? ఈళ్ళకి పిల్లని తీసుకెళ్ళడం ఇష్టం లేదేమో, ఆ మాట పైకనలేక మాకీ విందులేమో అని నేను రాత్రుళ్ళు నిద్రపోలేదండీ. దాని చీరలు మడతపెట్టి పెట్టి సర్ది నెలైంది అందంట. చూసేరా, అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు, ఆ అమ్మేమో అడగరేంటా అని ఇక్కడ కూర్చుని ఏడుస్తంది!

అమ్మిరాజు అప్పుడు కంచం బల్లమీద పెట్టేసి, బావగారూ, మా పిల్లని పురిటికి పంపండి అన్నాడు. సూరప్పయ్యకి అలవాటైన చెయ్యి కదా, గాలిలో ఊపి, ఇప్పుడెందుకులెండి అన్నాడు. అమ్మిరాజు ఏం చేసేడనుకున్నారు? రెండ్రోజులు ఆ హోటలోళ్ళని చూసి చూసి ఈయనా అలాగే తయారయ్యేడు, తలొంచుకుని వెనక్కి తిరిగిపోతన్నాడు! పాపాయమ్మ చొక్కా పట్టుకు లాగి, ఎక్కడికయ్యా, అది ఓడోళ్ళ వద్దు కాదు, మనోళ్ళ వద్దు, ఇంకోసారడుగు అని కసిరింది. అడిగేడు. చూద్దాంలెండి అన్నాడు. మళ్ళీ అడిగేడు. అప్పుడు సూరప్పయ్య ఆ ఊపే చెయ్యి దించి, తీసుకెళ్ళండి బావగారూ, అది అక్కడ తిండి కూడా మానేసి మీకోసమే చూస్తంది, ముందు మీరు కూర్చోండి, నా పక్కన కూర్చుని తినండి అన్నాడంట. ఓడ దిగిన మర్నాడే భవానిని తీసుకొచ్చేసేరు. పుట్టింట్లోనే కంది, ఆడపిల్ల, బొద్దుగా ఉంటది.

ఇంతకీ ఆ పై హోటళ్ళ వంట ఎలాగుంటాది, అంతంత డబ్బు పోసి తినదగ్గదేనా అని మీరడుగుతారు. నన్నేం అడుగుతారమ్మా? తిన్నోళ్ళెవరైనా దొరికితే ఆళ్ళనడగండి. నాకు తెలిసినోళ్ళు నలుగురెళ్ళేరు, ఒక్కళ్ళూ తిన్లేదు.