అప్పజెప్పుడు

రేపు పొద్దున పదింటికి మొయినాబాద్‌లో కృపాజ్యోతికి డిగ్రీ కెమిస్ట్రీ పరీక్ష, అదే పేపరు మూడోసారి. చేవెళ్లలో వాళ్లింటి అరుగు మీద తల్లి ప్రేమమ్మ పుస్తకం ఒళ్లో పెట్టుకుని అప్పజెప్పించుకుంటోంది. భయం కూతురికంటే ఆవిడకే ఎక్కువ.

“మళ్ల మొదటికెళ్లి చెప్పు. ఆగకుండ.”

“ఇట్ల కాదమ్మ. మా క్లాసు సంజన ఏమన్నదో తెలుసా? బట్టీ బంద్ జెయ్యమన్నది. లెక్కల నంబర్లు మార్చుకొని, పుస్తకం మూసి, సొంతంగ చెయ్యమన్నది.”

“సంజనకేం, పాసయ్యి కూసున్నది. సండే స్కూల్ల బైబిలు కంఠత వాక్యాలకు ఏటేటా ఫస్టు ఎవరు? ఇంట్ల ఉన్న స్టీలు గిన్నెలన్నీ ఎవరు గెల్చినయి?”

“వాక్యాలల్ల నంబర్లు మార్చరమ్మ. పోయినసారి పుస్తకంల ఐదు గ్రాముల ఉప్పు, పేపర్ల ఎనిమిది. నేను ఐదుకున్న జవాబే రాసొచ్చిన.”

“అయితే ఎనిమిది గూడ నేర్సుకో.”

“ఎన్నని నేర్సుకోవాలె?”

“కోపం జెయ్యకు. మీ బాపు చందనవెల్లి కంపెనీల డ్రమ్ములు మోసుకుంట, నీ నౌకరి కోసం అక్కడి సారును బతిమిలాడిండు. ఈ ఒక్క పేపరు పోతే ఆ ల్యాబ్ నౌకరి ఇంకొకరికిస్తరంట. జర చెప్పు బిడ్డ.”

“సరే. నైన్ గ్రామ్స్ ఆఫ్ గ్లూకోజ్ ఈజ్ డిజాల్వ్‌డ్ ఇన్ వాటర్...”

“ఆఁ, మంచిగున్నది. చెప్పు.”

“ఏం మంచిగున్నది?”

“పుస్తకంల ఉన్నట్టే చెప్తున్నవు. ఒక్క తప్పు లేదు.”

“అది సంజన రాసిచ్చిన లెక్క. ఆ పుస్తకంల లేనే లేదు.”

“ఏమో, లైను తప్పిననేమో.”

“అమ్మ, ఆ పేజీల మొదటి లైను చదువు.”

“అద్దాలు లోపలున్నయి.”

“నెత్తి మీదనే ఉన్నయి.”

“...నువ్వు ఆగకపోతే తప్పు లేదనుకుంట. ఆగితే మళ్ల చెప్పుమంట. గంతే.”

“హాస్టల్ల ఏడో తరగతి దాంక చదివిన అంటివి గదా.”

“హాస్టల్ల ఉన్న. వంటకాడ పనికి ఉన్న.”

“మరి వాక్యాలు?”

“అవి ఇనుకుంట నేర్సిన. గందుకే తప్పు పట్టేదాన్ని.”

“మూడేండ్లమ్మ. మూడేండ్ల సంది నీకు అప్పజెప్పి, అంతా కరెక్టే అనుకొని పరీక్షకు పోయిన.”

“సిగ్గయ్యింది బిడ్డ. నీకు చెప్పనీకి సిగ్గయ్యింది. మీ బాపుకు గూడ తెల్వదు.”

“ఇప్పుడు నేనేం జెయ్యాలె?”

“నాకు సదువు రాదు, నిజమే. చెవులైతే ఉన్నయి. మాటమాటకు మోల్, మోల్ అంటవు. మోల్ అంటే ఏంది?”

“మోల్ ఈజ్ ద అమౌంట్ ఆఫ్ సబ్‌స్టెన్స్ విచ్ కంటైన్స్...”

“అది పుస్తకం మాట. నాకు ఎరుకయ్యేటట్టు, మన మాటల చెప్పు.”

“అంటే... ఉప్పు ఉన్నదనుకో. దాంట్ల... దాంట్ల ఉంటయి గదా...”

“ఏముంటయి?”

“చెప్తున్న ఆగు. మోల్ అంటే...”

“నేనేం తొందరవెడ్తలేను. చెప్పు.”

“నాకు గూడ తెల్వదమ్మ. ఫస్టియర్‌కెళ్లి తెల్వదు.”