ఆటగాడి తల్లికి వేసిన కుర్చీ

సంతోషమ్మక్కా, అమ్మా స్తుతీ, పెద్దలారా, మన జట్టు ఓడిన ప్రతిసారీ ఈ టీ అంగడి ముందు చేరి గొంతు చించుకునే నా తోటి హాకీ అభిమానులారా,

ఇంతమందిమి ఇక్కడ ఇంత నిశ్శబ్దంగా ఎప్పుడైనా కూర్చున్నామా? మౌలాలి భాయ్ ఈరోజు పొయ్యి ఆర్పేశాడు. సాయంత్రం పూట ఈ అంగడిలో పొయ్యి ఆరిపోవడం నేను చూడలేదు. మన సంఘం అధ్యక్షుడు, రిటైరైన ఆర్టీసీ కండక్టరు దావీదురాజు అన్న మనల్ని వదిలిపోయాడు. చర్చిలో ఆదరణ కూడిక జరిగింది. పాస్టరుగారు చెప్పవలసిన మంచి మాటలన్నీ చెప్పారు. అక్కడ చెప్పలేనివి, అంటే హాకీ సంగతులు, చెప్పుకోవడానికి మనం ఈ సభ పెట్టుకున్నాం.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి. ఇందాక పిల్లలు దావీదన్న ఫోటోను ఆ ఎర్ర కుర్చీలో పెట్టి దండ వేశారు. నేను వచ్చి, తీసి, బల్ల మీద పెట్టాను. కొందరికి కోపమొచ్చింది. స్తుతి కూడా నన్ను అదోలా చూసింది. తల్లీ, ఆ కుర్చీ మీ నాయనది కాదు. ఆయన బతికుండగా ఒక్కరోజు కూడా దాంట్లో కూర్చోలేదు, మమ్మల్ని కూర్చోనివ్వలేదు. ఎందుకో చెబుతాను. అలిసిపోయి ఉన్నాను, నిదానంగా చెబుతాను. ఓపిక పట్టండి.

అలసట ఆయన పోయినందుకే కాదు. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం చెబుతున్నాను. మన సీమ పేరు మీద ఎవరో డబ్బున్నవాళ్ళు ఒక హాకీ జట్టు పెట్టారు. తుంగభద్ర స్టార్స్. లీగులో ఆడుతుంది. సొంత మైదానం కడపలో. మనం కర్నూలు నుంచి వ్యాను మాట్లాడుకుని పోతాం, ఓటమి చూసి వస్తాం. మొదటి సీజన్‌లో అట్టడుగు. రెండో సీజన్‌లో అట్టడుగు. మూడోసారి కింది నుంచి రెండో స్థానం వస్తే మనం ఈ రోడ్డు మీద పటాకులు కాల్చాం. పోయిన ఏడాది మళ్ళీ అట్టడుగు. ఈ జట్టులో ఎవరుండాలి, ఎవరు పోవాలి అని వాదించుకోవడానికి మనకొక సంఘం. దానికి కార్యదర్శిని నేను, శివశంకర్‌ని, మోటార్లకు వైండింగ్ చేసుకునేవాణ్ణి. జట్టువాళ్ళు మన మాట ఎప్పుడైనా విన్నారా? వినలేదు. మనం చెప్పడం మానామా? మానలేదు.

మరి దావీదన్నకు హాకీ తెలుసా? పోయినవాళ్ళ మీద అబద్ధం చెప్పకూడదు. తెలీదు. హాకీలో ఆఫ్‌సైడ్ అనే నియమాన్ని ఎత్తేసి పాతికేళ్ళు దాటింది. ఆయన మాత్రం నిన్నమొన్నటి దాకా లేచి నిలబడి ఆఫ్‌సైడ్ అని విజిల్ ఊదేవాడు. మామూలు విజిలా? కండక్టరు విజిల్. ఒకసారి కడపలో ఆ విజిల్ విని అవతలి జట్టువాళ్ళు నిజంగానే ఆగిపోయారు. మనవాళ్ళు కూడా ఆగిపోయారు. మనవాళ్ళు ఆగకుండా ఉంటే ఆ రోజు మనం గోలు కొట్టేవాళ్ళం. అది ఆయన ముందు అంటే ఒప్పుకునేవాడు కాదు.

ప్రతి సీజన్‌కు ముందు మనందరం జట్టు ఎన్నో స్థానంలో ఉంటుందో చెప్పుకునేవాళ్ళం కదా. అందరం ఏడో, ఎనిమిదో అంటే ఆయన ఒక్కడు నాలుగు అనేవాడు. ప్రతి ఏడాదీ నాలుగే. అంత నమ్మకముంటే మొదటి స్థానమనే అనరాదా అని ఒకసారి ఎగతాళి చేశాను. ఆయనేమన్నాడు? "ఆశకు గూడా సీట్లుంటాయప్పా. పట్టినంతమందినే ఎక్కించుకోవల్ల." ముప్పై ఏళ్ళు బస్సులో నిలబడినవాడి లెక్క అది.

ఇక కుర్చీ సంగతి. మొదటి సీజన్‌లో మనకు రాజంపేట పిల్లవాడు గోల్‌కీపరుగా ఉండేవాడు, గుర్తుందా? బంతి ఒకవైపు వస్తే వాడు ఇంకోవైపు పడేవాడు. ఒక సాయంత్రం ఇక్కడే కూర్చుని వాణ్ణి తిట్టాం. వాణ్ణి తిట్టి, వాడి వంశాన్ని తిట్టి, నోటికి ఏది వస్తే అది అన్నాం. దావీదన్న టీ తాగుతూ విన్నాడు. గ్లాసు పెట్టి, లోపలికి పోయి, ఒక చెయ్యి విరిగిన ఆ ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి మన నడుమ వేశాడు. "దీంట్లో వాళ్ళమ్మ కూచోనుండాది. ఇప్పుడు అనప్పా" అన్నాడు. అంతే.

ఆ రోజు నుంచి అదే పద్ధతి. ఎవరినైనా జట్టులోంచి తీసెయ్యాలంటే ఆ ఖాళీ కుర్చీ వైపు తిరిగి, అమ్మా అని మొదలుపెట్టి చెప్పాలి. మనం మారిపోయి మంచివాళ్ళమైపోయామా? లేదు. తిట్టడం తగ్గింది, చెప్పడం పొడుగైంది. ఒకరు అమ్మా అని మొదలుపెట్టి అరగంట చెప్పేవాళ్ళు. మౌలాలి భాయ్‌కి టీలు ఎక్కువ పోయాయి, అదొక్కటే లాభం. దావీదన్న కూడా ఆ పద్ధతి తప్పలేదు. ఆయనకు అస్సలు నచ్చని ఫార్వర్డ్ ఒకడుండేవాడు. ఒకరోజు ఆయనే కుర్చీ వైపు తిరిగి, రెండు చేతులూ జోడించి, "అమ్మా, మీవాడు శానా మంచోడు, ఇంటికి తోలుకోని పోమ్మా" అన్నాడు. మనం కిందపడి నవ్వాం. ఆయన నవ్వలేదు.

ఈ బుద్ధి ఆయనకు ఎక్కడిది? కోసిగి రూటులో వచ్చింది. ఆ దిక్కు వానల్లేక పనుల్లేక, మూటాముల్లె కట్టుకుని జనం దూరాలకు కూలికి పోతారు. పేపరువాళ్ళు వలస అని రాస్తారు, అక్కడివాళ్ళు సుగ్గికి పోవడమంటారు. ఆ మూటల మధ్య నిలబడి ఆయన ఏళ్ళ తరబడి టికెట్లు కొట్టాడు. బస్సులో ప్రతి తల్లీ పక్కనున్న మనిషికి కొడుకు గురించి చెప్పుకుంటూ పోయేదట. ఆయన నాతో ఒకసారి అన్నాడు, "ఎవని పేరు ఇన్నా నాకు వాడు కండ్లబడడప్పా. వాళ్ళమ్మ కండ్లబడతాది."

పోయిన సీజన్ చివరి మ్యాచ్ మీరెవరూ మరిచిపోలేదు. డ్రా అయితే చాలు, అట్టడుగు తప్పేది. ఆఖరి నిమిషాల్లో, గోలు గీత మీద, బంతి మన డిఫెండరు ఈరన్న కాలికి తగిలింది. కాలికి తగిలితే తప్పే కదా, పెనాల్టీ స్ట్రోకు ఇచ్చారు, గోలు పడింది. ఓడిపోయాం. తిరిగి వచ్చేటప్పుడు వ్యాను మైదుకూరులో ఆగితే దావీదన్న దిగి అందరికీ వేడివేడి బజ్జీలు తెచ్చి, వచ్చే ఏడు నాలుగో స్థానం అని మొదలుపెట్టాడు. ఆయన్ను అక్కడే దించేసి వద్దామా అనిపించింది. ఓడిపోయినప్పుడు ఊరుకునే మనిషిని భరించవచ్చు. ఆశపడే మనిషిని భరించడం కష్టం.

తర్వాత ఏం జరిగింది? జట్టు యాజమాన్యం మొదటిసారి అభిమాన సంఘాల అభిప్రాయం అడిగింది. ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి. సంఘానికి ఒక మాట. మనం ఇక్కడే కూర్చున్నాం. ఈరన్నను పంపాలని దాదాపు అందరి మాట. నాది కూడా అదే. వాడు మంచి పిల్లవాడు, కానీ వెనక్కి తిరగడంలో నిదానం. అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను. సంతాప సభ కదా అని నా అభిప్రాయం మార్చుకోను. మార్చుకుంటే దావీదన్నే నన్ను నమ్మడు.

సరిగ్గా అప్పుడు నెత్తిన మూటతో ఒకావిడ రోడ్డు దాటి వచ్చింది. గుంటూరు దిక్కు మిరప కోతలు ముగించుకుని కోసిగికి పోతూ, ఇక్కడ బస్సు మారడానికి దిగిందట. వచ్చి ఏమడిగింది? "యాడప్పా నా కుర్చీ? మా ఈరన్న చెప్పినాడు, ఈడ మాకోసరం కుర్చీ ఏసినారంట గదా."

ఆమే గిడ్డమ్మ, ఈరన్న వాళ్ళమ్మ. మన కుర్చీ సంగతి ఎట్లా పోయిందో ఏమో ఆటగాళ్ళ దాకా పోయింది. వాళ్ళు దాన్ని గౌరవమనుకున్నారు. తల్లుల కోసం కర్నూలులో ఒక కుర్చీ ఉందని వాడు ఇంటికి ఫోను చేసి మురిసిపోతూ చెప్పాడు. మనం దాన్ని దేనికి వాడుకుంటున్నామో వాడికేం తెలుసు?

దావీదన్న లేచి, మూట అందుకుని కింద పెట్టి, కుర్చీని తన తువ్వాలుతో తుడిచి కూర్చోబెట్టాడు. టీ ఇప్పించాడు. సంఘం మీవాని గురించే మాట్లాడుతోందని చెప్పాడు. తర్వాత మా వైపు తిరిగి, "చెప్పండప్పా. కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడు లేసిన నోరు ఇప్పుడేమాయ?" అన్నాడు.

కార్యదర్శిని నేను. నేనే చెప్పాను. అమ్మా, మీవాడి మీద మాకు కోపం లేదు, తిరగడంలో నిదానం, ఈసారి వద్దనుకుంటున్నాం అని ముఖం చూసి చెప్పాను. ఆమె ఏడ్చిందా? ఏడవలేదు. తిట్టిందా? తిట్టలేదు. "నిదానమేనప్పా. నడక నేర్సేదానికే రెండేండ్లు పట్టె. ఆట నుంచి తీసేస్తే సుగ్గికి నాతో తోలుకోని పోతా" అంది. టీ తాగింది. చీకటి పడకముందే బస్సుందని మూట ఎత్తుకుంది. కుర్చీ వేసినందుకు మనకు దండం పెట్టి పోయింది.

ఆమె పోయాక చేతులెత్తించాం. ఉంచాలని ఎత్తింది దావీదన్న ఒక్కడే. అధ్యక్షుడు కదా, సంఘం మాట పంపాల్సింది ఆయన ఫోను నుంచే. ఇంకొకరైతే ఏదో ఒకటి మార్చి పంపేవాళ్ళు. ఎవరడుగుతారు? ఆయన మార్చలేదు. ఈరన్నను పంపాలన్న మన మాట మన మాటగానే రాశాడు. దాని కింద, కండక్టరు దావీదురాజు మాత్రం ఉంచాలంటున్నాడు అని విడిగా రాశాడు. రెండూ నాకు చూపించి పంపాడు. నాతో గొడవ పడలేదు. పడి ఉంటే బాగుండేదేమో.

ఆ తర్వాత రోజూ ఒకటే ప్రశ్న, జట్టు ప్రకటించారా అని. సంతోషమ్మక్క చెప్పింది, ఆఖరి రోజు మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద వాలుతూ కూడా అదే అడిగాడట. ఇంకా లేదని అక్క చెప్పింది. నిద్రలోనే పోయాడు.

ఆయన్ను మట్టి చేసి వచ్చిన మరుసటి రోజు జట్టును ప్రకటించారు. ఈరన్న ఉన్నాడు.

ఎవరి మాట విన్నారు? మనందరి మాటా, ఒక్క కండక్టరు మాటా? ఎవరి మాటా విని ఉండరు, అది నా నమ్మకం. కొత్త డిఫెండరు దొరక్క ఉంచుకుని ఉంటారు. కానీ దావీదన్నకు ఆ కబురు అందలేదు. రెండు రోజులు, రెండంటే రెండు రోజులు ఆగి ఉంటే తెలిసేది. అది తలుచుకుంటే వైండింగ్ చేస్తూ చేస్తూ చెయ్యి ఆగిపోతోంది. నాతో వాదించడానికి ఇంక ఎవరున్నారు?

కొందరు సంఘం మూసేద్దామన్నారు. ఆయన లేడు, జట్టు బాగుపడదు, ఇంకెందుకు అన్నారు. దాచుకోవడమెందుకు, నాకూ అదే అనిపించింది. ఆదివారం కడపలో మొదటి మ్యాచ్. వ్యాను మాట్లాడే ఓపిక కూడా నాకు లేదు. ఈ సభలోనే ఆ మాట చెప్పి ముగిద్దామని ఇంటి నుంచి బయలుదేరాను.

వచ్చేసరికి షామియానా చివర, గుంజ పక్కన, ఒకావిడ నిలబడి ఉంది. కొడుకు ఫోను చేసి దావీదన్న పోయిన కబురు చెబితే పొద్దున్నే కోసిగిలో బస్సెక్కి వచ్చిందట. ఎవరూ కూర్చోమనలేదు, ఆమె కూర్చోలేదు. కుర్చీలో ఫోటో ఉంది కదా, దూరం నుంచే దానికి దండం పెట్టి నిలబడిపోయింది. ఇందుకే తీశాను స్తుతీ. మీ నాయన తన తువ్వాలుతో తుడిచి ఇచ్చిన చోటును మీ నాయన ఫోటోతోనే మనం నింపేస్తే ఎట్లా?

కాబట్టి సంఘం మూసెయ్యం, వ్యాను మాట్లాడతాను. ఆదివారం తెల్లవారుతూనే ఇక్కడి నుంచే పోతుంది. మనం నాలుగో స్థానానికి వస్తామా? రాము. ఈరన్న చురుకవుతాడా? కాడు. ఆ మాట చెప్పాలన్నా ఒక అంగడి ఉండాలి, వినే మనుషులుండాలి, ఎదురుగా ఆ కుర్చీ ఉండాలి. ఆయన మనకు నేర్పింది అదొక్కటే. హాకీ మాత్రం కాదు.

గిడ్డమ్మా, ఇట్లా ముందుకు రామ్మా. దారి ఇవ్వండయ్యా. మూట అక్కడ పెట్టు, ఎవరూ తీసుకోరు. వచ్చి నీ కుర్చీలో కూర్చో. చెయ్యి విరిగిన వైపు ఆనుకోవద్దు.

కూర్చుందా? సరే. ఇప్పుడు దావీదురాజు అన్న కోసం అందరం లేచి మౌనంగా నిలబడదాం. నువ్వు లేయొద్దమ్మా. నువ్వు కూర్చోవాలనే ఆయన ఆ కుర్చీ వేశాడు. మిగతా అందరం లేద్దాం.