లైనక్క పడిన మాట

అందరికీ నమస్కారం.

బావగారూ, మీకూ, మీ పక్కన కూర్చున్న మన అక్క కూతురికీ ముందుగా నమస్కారం. ఆఫీసు తరఫున వచ్చిన రిజిస్ట్రార్ గారికి నమస్కారం. యూనియన్ మిత్రులకు నమస్కారం. చివరి వరుసల్లో, తలుపు దగ్గర కూర్చున్న అమ్మలకూ అన్నలకూ, మన హాస్టళ్ళూ వరండాలూ ఊడ్చి తుడిచే తాత్కాలిక సిబ్బందికి, రెండు చేతులూ ఎత్తి నమస్కారం. మీరు రారేమో అనుకున్నాను. పిలిచానని వచ్చారు. ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నా వెనకే కూర్చున్నారు. ఎందుకు కూర్చున్నారో నాకు తెలుసు.

మనం ఇవాళ లైనక్క కోసం కూడాం. పోయిన ఆదివారం పొద్దున దండెం మీద బట్టలు ఆరేస్తూ, తడి దుప్పటి చేతిలో ఉండగానే అక్క కూలిపోయింది. ఆస్పత్రికి చేరేసరికే అంతా అయిపోయింది. ఎవరికీ ఒక్క మాట చెప్పే వ్యవధి లేకుండా వెళ్ళిపోయింది.

నన్ను ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను. నేను లైబ్రరీ గుమాస్తాని. అక్క దిగిపోయాక యూనియన్ కార్యదర్శిని. పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు చెప్పి దిగిపోవడం సభామర్యాద. అక్క గురించి నాలుగేమిటి, నలభై చెప్పొచ్చు. చెప్పి దిగిపోతే నన్ను కూడా మీరు మంచివాడే అనుకుంటారు. అందుకే అక్కడితో ఆపను.

లైనక్క అని పేరెందుకు వచ్చిందో కొత్తవాళ్ళకు తెలియకపోవచ్చు. అక్క మన టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్. ఆ రోజుల్లో యూనివర్సిటీకి ఎక్కణ్ణుంచి ఫోనొచ్చినా అక్క చెవిలోంచి పోవలసిందే. మంత్రిగారి పేషీ నుంచి వచ్చినా, గేటు దగ్గర కాపలా అతని భార్య చేసినా ఒకటే గొంతు, ఒకటే మాట: "లైన్లో ఉండండి." ఎక్స్ఛేంజ్ మూసేసి అక్కని పరీక్షల విభాగంలో పడేశారు. యంత్రం పోయింది గానీ మాట పోలేదు. ఒకసారి చర్చల్లో అప్పటి రిజిస్ట్రార్ కోపం వచ్చి బల్ల గుద్దారు. అక్క కాగితాలు సర్దుకుంటూ, "లైన్లో ఉండండి సార్" అంది. ఆయన పక్కన కూర్చున్నవాళ్ళే నవ్వు ఆపుకోలేకపోయారు. రిజిస్ట్రార్ గారూ, అది మీరు కాదు, మీ ముందాయన. మీరు బల్ల గుద్దరు, కళ్ళద్దాలు తుడుచుకుంటారు. మాకు దానికే ఎక్కువ భయం.

అక్క మా తరఫున మాట్లాడడం మొదలుపెట్టక ముందు మా చర్చలు ఎలా ఉండేవో తెలుసా? చేంతాడంత కోర్కెల జాబితా పట్టుకుని వెళ్ళాం ఒకసారి. తలా ఒక నోరు. డ్రైవరన్న ఆవేశంలో వానకు తడిసి ఛస్తున్నామన్నాడు. నేను ఊరుకున్నానా? లైబ్రరీలో ఉక్కపోసి ఛస్తున్నామన్నాను. అవతలివాళ్ళు ఎంతో దయగా ఆ రెండూ రాసుకున్నారు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, రెయిన్‌కోట్లూ ఒక ఫ్యానూ తీసుకుని బయటికొచ్చాం. జీతాల మాట, పెన్షన్ మాట గాలికి పోయాయి. ఆ ఫ్యాను కింద కూర్చోడానికి నాకు చాలాకాలం సిగ్గేసింది. కూర్చోవడం మాత్రం మానలేదు.

ఆ తర్వాతే అక్క నియమం పెట్టింది. చర్చల బల్ల దగ్గర ఒక్క నోరే మాట్లాడాలి. మన గదిలో ఎంతైనా కొట్టుకోండి, తిట్టుకోండి, చేతులెత్తి తేల్చుకోండి. గదిలో మాట గదిలోనే ఉండాలి. ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో గడప దాటకూడదు. బయటికి వచ్చి చెప్పేది ఒక్కరే, మంచైనా చెడైనా ఆ ఒక్కరే మొయ్యాలి. చర్చలకు వెళ్ళే ముందు మా అందరికీ తలా ఒక పిప్పరమెంటు బిళ్ళ ఇచ్చేది. అది కరిగేదాకా నోరు తెరవొద్దనేది. డ్రైవరన్న బిళ్ళ కొరికి మింగేస్తాడని అతనికి రెండు ఇచ్చేది.

నవ్వండి, పరవాలేదు. అక్క కూడా నవ్వేది.

ఆ నియమం మనకు అన్నం పెట్టింది మిత్రులారా. జబ్బు సెలవు దానితోనే వచ్చింది. డ్రైవర్లకు విశ్రాంతి గది దానితోనే వచ్చింది. ఇక్కడ ముందు వరుసల్లో కూర్చున్న మనలో దాని ఫలం తిననివాళ్ళు లేరు. మరి ఆ నియమం అక్కకు ఏం పెట్టింది?

కిందటి చర్చల సంగతి చెబుతాను. మన కోర్కెల్లో మొదటిది తాత్కాలిక సిబ్బందిని పర్మినెంట్ చెయ్యాలన్నది. దాన్ని మొదట పెట్టించింది అక్కే. ఏళ్ళ తరబడి ఇదే చీపురు పట్టుకుని, ఇవే మెట్లు తుడుస్తూ, ఏటా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియకుండా బతకడం ఏమిటని అడిగింది. మీ దగ్గరికి వచ్చి మాటిచ్చింది కూడా. వాదనలు సాగాయి, సాగాయి. చివరికి ఆఫీసు వాళ్ళు ఒక మాటన్నారు. ఆ మొదటిది తీసేస్తే మీ జీతాలు పెంచుతాం, ఉంచితే రెండూ లేవు.

మేం వ్యాయామశాల వెనక గదిలోకి వచ్చాం. విరిగిన పరీక్ష బల్లలు పేర్చిన గది, మీరే ఊడ్చే గది. అక్క అంది, "ఇవాళ మనం వాళ్ళని వదిలేస్తే, రేపు మనల్ని ఎవరు పట్టుకుంటారు? ఆగుదాం. ఆగితే దిగొస్తారు." అక్క మా మొహాలు చూసింది. చూసి, వదిలేద్దామనేవాళ్ళు చేతులెత్తండి అంది.

ఎత్తాం.

అందరం ఎత్తాం. నేను మొదట ఎత్తలేదు, చివరా ఎత్తలేదు. మధ్యలో ఎత్తాను. మొదట ఎత్తడానికి తెగువ కావాలి. చివర ఎత్తేవాడికి కాస్త బాధైనా ఉంటుంది. మధ్యలో ఎత్తడానికి ఏమీ అక్కర్లేదు. నా ఇల్లు సగంలో ఆగి ఉంది అప్పుడు. ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. నా ఇంటి పైకప్పు కనిపించింది నాకు, మీ మొహాలు కనిపించలేదు. ఆ గదిలో లేవని చెయ్యి ఒక్కటే. అది లైనక్కది. అక్క ఎవరినీ ఎందుకని అడగలేదు. సంచీ భుజాన వేసుకుని సంతకం పెట్టడానికి వెళ్ళింది.

మర్నాడు హాస్టల్ వెనక బట్టలుతికే చోటికి వెళ్ళి, మీ అందరినీ పిలిచి విషయం చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. కమిటీ నిర్ణయం అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. నియమం దానికి అడ్డు రాదు. అక్క అలా అనలేదు. "నేనే వదిలేశాను. మీకిచ్చిన మాట నిలబెట్టలేకపోయాను. అనదల్చుకున్నది నన్ను అనండి" అంది. పెద్దమ్మా, తలుపు పక్కన కూర్చున్నావు కదా, నువ్వు అప్పుడు ఏమన్నావో నీకు గుర్తుండకపోవచ్చు. నాకు గుర్తుంది. "మా భుజాల మీద ఎక్కి మీ కాయ మీరు కోసుకున్నారు. చల్లగా ఉండు తల్లీ" అన్నావు. అక్క తల వంచుకుని విన్నది. నువ్వు నా వైపు తిరిగి, "నువ్వేం చేస్తావులే నాయనా" అన్నావు. ఎండగా ఉందని మంచినీళ్ళు కూడా ఇచ్చావు.

తాగాను పెద్దమ్మా. గ్లాసు ఖాళీ చేసి నీ చేతికిచ్చాను.

ఆ తర్వాత ఏం జరిగిందో మనందరికీ తెలుసు. అక్క అమ్ముడుపోయిందన్నారు. అమ్మాయీ, ఆ మాట నీ చెవిన కూడా పడే ఉంటుంది. పరీక్షల విభాగం వరండా తుడిచేటప్పుడు అక్క ఎప్పుడూ తడి నేల తొక్కేది కాదు, ఆరేదాకా ఆ చివర నిలబడేది. ఇదివరకు మీరే, పరవాలేదు రా అక్కా అని పిలిచేవాళ్ళు. తర్వాత పిలవడం మానేశారు. అక్క నిలబడడం మానలేదు. నేను లైబ్రరీ కిటికీలోంచి చూసేవాణ్ణి. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. మీకు తెలిసింది అంతే. తెలిసిన మేం ఏం చేశాం? పెరిగిన జీతాలు తీసుకున్నాం. ఎదురుపడితే అక్కని బాగున్నావా అని పలకరించాం. ఆ ఏడాది యూనియన్ ఎన్నికల్లో అక్క నిలబడనంటే బతిమాలాం, అదీ పైపైనే.

ఒకసారి నేను అక్కని అడిగాను. వాళ్ళకు నిజం చెప్పెయ్యనా అక్కా అని. "వద్దు తమ్ముడూ. గదిలో మాట ఒకసారి బయటికొస్తే, ఎవరు మెత్తనో అవతలివాళ్ళకు తెలిసిపోతుంది. ఈసారి మిమ్మల్ని ఒక్కొక్కళ్ళనీ విడగొడతారు" అంది. అక్క అన్నది నిజమే. నిజమా కాదా అన్నది కాదు నా బాధ. వద్దంటుందని తెలిసే అడిగాను. ఆ జవాబు వినగానే నా మనసు తేలికపడింది. అక్క దగ్గర అనుమతి తీసుకున్నట్టుగా హాయిగా ఇంటికి పోయి, కొత్త కప్పు కింద పడుకున్నాను. అక్క నియమం కోసం నోరు మూసుకుంది. మేం నియమాన్ని అడ్డం పెట్టుకుని నోరు మూసుకున్నాం. రెండూ ఒకటేనా మిత్రులారా?

మొన్న అంత్యక్రియలయ్యాక బావగారు నన్ను పక్కకి పిలిచారు. ఊడ్చేవాళ్ళు ఒక్కరూ రాలేదేమిటయ్యా, మా ఆవిడ వాళ్ళకేం అపకారం చేసింది అని అడిగారు. అంటే అక్క ఇంట్లో కూడా చెప్పలేదు. కట్టుకున్న మనిషికి కూడా చెప్పలేదు. నేను నేల చూపులు చూస్తూ వచ్చేశాను. బావగారూ, మీకు ఆ రోజు ఇవ్వని జవాబు ఇది. ఆవిడ ఏ అపకారమూ చెయ్యలేదు. చేసింది మేము.

ముందు వరుసలో నా కమిటీ మిత్రులు నన్ను కొరకొర చూస్తున్నారు. చూడండి. అక్క పెట్టిన నియమం అక్క సభలోనే తప్పాను. దానికి ఏ శిక్ష వేసినా పడతాను, కార్యదర్శి పదవి తీసేసినా సరే. రిజిస్ట్రార్ గారూ, వచ్చే నెల చర్చలున్నాయి. వీళ్ళలో వీళ్ళకే పొత్తు లేదని ఇవాళ మీకు తెలిసిపోయింది. వాడుకుంటారని తెలుసు. వాడుకోండి.

చివరి వరుసల్లోని మీకు ఒక మాట. మీరు వేరే యూనియన్ పెట్టుకుంటున్నారని విన్నాను. పెట్టుకోవద్దనడానికి నాకు మొహం లేదు. మాతో ఉండమని అడగడానికీ లేదు. వచ్చే నెల మా కోర్కెల్లో మీది మళ్ళీ మొదట ఉంటుంది. మీరు ఉన్నా ఉంటుంది, లేకపోయినా ఉంటుంది. గెలుస్తామని మాటివ్వను. మాటిచ్చి ఏమైందో చూశారు. ఈసారి దాన్ని తీసెయ్యమంటే నేను చెయ్యెత్తను. నా చేతిలో ఉన్నది అంతే. దాన్ని కూడా మీరు నమ్మనక్కర్లేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అక్కని అడగాలి. ఆ వీలు మేం పోగొట్టుకున్నాం.

ఇప్పుడు మౌనం పాటించాలి. అమ్మలూ, అన్నలూ, మీరు లేవకండి. పెద్దమ్మా, నువ్వు కూర్చో. మేం వస్తుంటే ఇన్నేళ్ళూ మీరే లేచి, బకెట్టు పక్కకి జరిపి, గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఈ పూట మేం నిలబడతాం. కాసేపయ్యాక అక్క కోసం మీకు లేవాలనిపిస్తే లేవండి. అనిపించకపోతే మమ్మల్ని అలాగే నిలబడనివ్వండి.

యూనియన్ మిత్రులారా, లేవండి. అక్క ఫొటో వైపు కాదు. వెనక్కి తిరగండి, వాళ్ళ వైపు. తల వంచుకోకుండా నిలబడండి.